సైన్యంతో సమన్వయం మీ చేతికి వస్తే: హెలికాప్టర్ అడిగే ముందు తేల్చుకోవాల్సినవి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: కాకినాడ వైపు కొన్నేళ్లు తుఫాను సహాయక పనులు చేశారు. ఇప్పుడు ఒక అంతర్జాతీయ సంస్థ తరఫున ఆఫ్రికాలో ఒక దేశానికి వెళ్తున్నారు. అక్కడ సహాయ సంస్థలకూ సైనిక బలగాలకూ మధ్య సమన్వయం మీరే నడపాలని చెప్పారు. "సైన్యం నా మాట ఎందుకు వింటుంది? వాళ్లని ఏం అడగొచ్చు, ఏం అడగకూడదు?" అన్నది మీ సందేహం.

నేను సైన్యంలో సరఫరా విభాగంలో పనిచేసి, బయటికొచ్చాక సహాయ సంస్థల లాజిస్టిక్స్‌లో పడ్డాను. ఇద్దరి గోడూ విన్నవాణ్ణి కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను.

సూటిగా చెప్పాలంటే, సైన్యం మీ మాట వినదు. వినాల్సిన అవసరమూ లేదు. వాళ్లకి ఆర్డర్లు వాళ్ల పైనుంచి వస్తాయి. మీ వైపున్న పాతిక ముప్పై సంస్థల అవసరాల్ని ఒకే వరుసలో పెట్టి, ఒకే దారిలో వాళ్లకి చేర్చడం మీ పని. దానికంటే ముందు ఒకటి తేల్చుకోవాలి: అక్కడి గొడవలో ఆ సైన్యం ఒక పక్షమా, కాదా? మిగతా జవాబులన్నీ దీన్ని పట్టుకునే మారతాయి.

మీకు అలవాటైన తుఫాను పనిలో ఈ ప్రశ్నే రాదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖను ఊడ్చేశాక రోడ్లన్నీ చెట్లే, కరెంటు లేదు, ఫోన్లు లేవు. నేవీ వాళ్లు రంపాలు పట్టుకుని వచ్చి చెట్లు కోస్తుంటే "వీళ్లెవరి పక్షం" అని ఎవరు అడుగుతారు? నీళ్ల క్యాన్లు నేవీ లారీలో వచ్చినా, ట్రస్టు ఆటోలో వచ్చినా జనం తీసుకుంటారు. అక్కడ కలిసి పనిచేయడమే సరి.

యుద్ధం నడుస్తున్న చోట అదే లారీ మీ ప్రాణం మీదికి తెస్తుంది. 2001లో అఫ్ఘానిస్తాన్ మీద అమెరికా విమానాలు ఒకవైపు బాంబులు, మరోవైపు అన్నం పొట్లాలు వేశాయి. ఆ పొట్లాలది పసుపు రంగు. క్లస్టర్ బాంబుల్లో పేలకుండా మిగిలిపోయిన చిన్న బాంబులదీ పసుపు రంగే. రెండూ ఒకటి కాదు జాగ్రత్త అని రేడియోలో చెప్పాల్సి వచ్చింది, చివరికి పొట్లాల రంగు మార్చారు. 2004లో అదే దేశంలో, సాయం కొనసాగాలంటే తాలిబన్ల ఆచూకీ చెప్పండి అనే అర్థంతో అమెరికా కూటమి సైన్యం కరపత్రాలు పంచింది. డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్ అనే వైద్య సహాయ సంస్థ దాన్ని బహిరంగంగా తప్పుపట్టింది. ఆ కరపత్రం చదివిన పల్లెటూరివాడు రేపు మీ బియ్యం బస్తా చూసి ఏమనుకుంటాడో ఆలోచించండి. అలాంటి చోట సైన్యంతో కలిసి తిరగరు. ఒకరి దారికి ఒకరు అడ్డురాకుండా ఉండడానికి కావలసినంత మాత్రమే మాట్లాడతారు.

ఈ రెంటికీ మధ్య చాలా మెట్లు ఉన్నాయి. మన దగ్గరే చూడండి. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు ఊళ్లోకి వచ్చిన ఆర్మీ పడవ అందరికీ దేవుడే. ఆ నీళ్లలోనే మునిగిన అడవి అంచు గూడెంలో యూనిఫాం కనిపిస్తే గుమ్మంలో నిలబడ్డవాళ్ల మొహం వేరేలా ఉండొచ్చు. నది ఒకటే, వరద ఒకటే. ఎవరి చేతి మీదుగా సాయం అందాలన్నది మాత్రం ఊరూరికీ విడిగా చూసుకోవాలి.

నీలి టోపీలు మనవాళ్లేనా? ఆఫ్రికా అంటున్నారు కాబట్టి ఇది విడిగా చెప్పాలి. ఐక్యరాజ్యసమితి శాంతి సేన అంటే తటస్థం అని మనకో నమ్మకం. అన్ని చోట్లా కాదు. కాంగోలో 2013లో భద్రతా మండలి 2098వ తీర్మానంతో ఒక ఇంటర్వెన్షన్ బ్రిగేడ్ పెట్టింది. సాయుధ ముఠాల మీదికి నేరుగా వెళ్లి కొట్టే అధికారం దానికి ఇచ్చింది. అలాంటప్పుడు నీలి టోపీ కూడా ఒక పక్షమే. మీరు ఐరాస సంస్థలతో పనిచేసేవాళ్లయితే ఊళ్లోవాళ్ల కళ్లకి శాంతి సేన తెల్ల బండీ మీ తెల్ల బండీ ఒకేలా కనిపిస్తాయి, ఆ చిక్కు అదనం.

ఇంకో మాట. కాంగో, దక్షిణ సూడాన్ లాంటి చోట్ల భారత బెటాలియన్లు ఉంటూ వచ్చాయి. శ్రీకాకుళం కుర్రాడో, కడప హవల్దారో తగిలి "సార్ మీరు తెలుగా" అని పలకరిస్తాడు. ప్రాణం లేచొస్తుంది. టీ తాగండి, తప్పులేదు. మీ సంస్థ లోగో ఉన్న బండిని క్యాంపు గేటు ముందు నిలబెట్టి మాత్రం తాగకండి. మర్నాడు చెక్‌పోస్టు దగ్గర మీ డ్రైవర్‌ని అడిగే మొదటి ప్రశ్న అదే అవుతుంది, జవాబు చెప్పుకోవాల్సింది ఆయన.

ఇక రూల్స్. ప్రకృతి విపత్తులకి ఓస్లో మార్గదర్శకాలు అని ఉన్నాయి, 1994లో వచ్చాయి, తర్వాత సవరించారు. యుద్ధ వాతావరణానికి 2003లో విడిగా ఇంకొకటి వచ్చింది. ఇవి చట్టాలు కావు, సంతకాలు పెట్టిన ఒప్పందాలూ కావు. సారాంశం నాలుగు ముక్కలు: సైన్యం సాయం చివరి మార్గం, అంటే అదే పనిని అదే సమయానికి చేయగల పౌర ఏర్పాటు లేనప్పుడే అడగాలి, పని మీద అజమాయిషీ పౌరులదే ఉండాలి, ఎప్పటిదాకా అన్నది ముందే చెప్పుకోవాలి, బాధిత దేశం మీద ఖర్చు పడకూడదు.

"చివరి మార్గం" అన్నారు కదా అని అన్నీ ప్రయత్నించి ఓడిపోయాక అడగాలనుకుంటే మనుషులు పోతారు. వరద వచ్చిన మొదటి రాత్రే పడవ కావాలంటే, ఆ రాత్రి ఆర్మీ దగ్గర తప్ప ఇంకెక్కడా పడవ లేకపోతే, అదే చివరి మార్గం. ఆ లెక్క గంటల్లో తేలాలి.

పనికొచ్చే ఇంకో విభజన ఉంది. సైన్యం చేసే సాయం మూడు రకాలు. ఒకటి, సైనికుడే ఎదురుగా నిలబడి పొట్లం చేతికివ్వడం. రెండోది, మీ సరుకు మోసిపెట్టడం. మూడోది వంతెన వేయడం, రోడ్డు తెరవడం, రన్‌వే బాగుచేయడం. గొడవ ముదిరేకొద్దీ ఒకటి నుంచి మూడు వైపు జరగండి. జనానికి కనిపించని సాయమే అక్కడ మేలు. వంతెన వేశాక దానిమీద అందరూ వెళ్తారు, అది ఎవరి పక్షమూ కాదు. సైన్యాలకి మాత్రం మొదటి రకమే ఇష్టం, ఫొటోలు బాగా వస్తాయి కాబట్టి. "మీ ఇంజినీర్లు ఆ కల్వర్టు చేసిపెడితే మా లారీలు ఇరవై తిరుగుతాయి" అని చెప్పి వాళ్ల ఉత్సాహాన్ని అటు మళ్లించడం మీ చాకచక్యం.

అసలు కష్టం మన వైపే. కొత్తవాళ్లంతా సైన్యంతో ఎలా మాట్లాడాలా అని బెంగపెట్టుకుంటారు. నా అనుభవంలో సైన్యంతో మాట్లాడడం తేలిక. అడిగింది స్పష్టంగా ఉంటే అవుననో కాదనో చెప్తారు, అవునంటే చేస్తారు. సహాయ సంస్థల్నే ఒక వరుసలో నిలబెట్టలేం.

నేపాల్ సంగతి చెప్తాను, అక్కడ ఉన్నాను కాబట్టి. 2015 ఏప్రిల్ 25న 7.8 తీవ్రతతో భూకంపం. అంతర్జాతీయ విమానాలు దిగడానికి కాఠ్‌మాండూలో ఉన్నది ఒకే విమానాశ్రయం, దానికి ఒకే రన్‌వే. బరువైన విమానాలు వరసపెట్టి దిగేసరికి అది దెబ్బతింది. మే 3 నుంచి 196 టన్నులు దాటిన విమానాలు రావద్దన్నారు. ఒక అదృష్టం ఏంటంటే, సరుకు దింపి సర్దుకునే స్థలం ఒకటి ప్రపంచ ఆహార కార్యక్రమం వాళ్లు ఆ విమానాశ్రయంలోనే సరిగ్గా అంతకుముందు నెలలో, మార్చిలో, తెరిచి ఉంచారు. అదే లేకపోతే ఏమయ్యేదో ఊహించలేను. మన దేశం ఆపరేషన్ మైత్రి పేరుతో కొన్ని గంటల్లోనే దిగింది, ఇంకా చాలా దేశాల సైన్యాలు వచ్చాయి. ఆ సైన్యాలన్నిటికీ పని పంచడానికి నేపాల్ సైన్యం ఒక సమన్వయ కేంద్రం పెట్టుకుంది. సహాయ సంస్థల విన్నపాలు ఐరాస సమన్వయ కార్యాలయం, అదే ఓచా, ద్వారా అక్కడికి వెళ్లాలి.

వెళ్లాలి అన్నది కాగితం మీద మాట. నిజానికి ప్రతి సంస్థ పెద్దమనిషికీ ఏదో ఒక యూనిఫాంలో ఒక స్నేహితుడు ఉంటాడు. క్యూ తప్పించి ఫోన్ చేస్తాడు. ఒకే లోయకి ఇద్దరు టార్పాలిన్లు పంపుతారు, పక్క లోయకి ఎవరూ పంపరు. హెలికాప్టర్ రెండుసార్లు వెళ్లిన ఊరిని మూడోసారి కూడా రాసుకొచ్చినవాళ్లని చూశాను. పైలట్ చిరాకుపడ్డాడంటే మరి పడడా. గాలిలో ఎగిరే ప్రతి గంటా ఇంకో ఊరి గంట కదా.

అందుకే మీరు మొదటి వారంలోనే ఒక పని చేయండి. మీ సంస్థలన్నిటి దగ్గరా ఒక మాట తీసుకోండి: విన్నపం ఏదైనా ఒకే పెట్టెలోకి రావాలి, రోజూ ఒకే వేళకి వాటిని మనమే వరుస పెట్టుకుంటాం, సైన్యం దగ్గరికి వరుస పెట్టిన జాబితాయే వెళ్తుంది. మందులు ముందా దుప్పట్లు ముందా అన్నది సైనికాధికారి తేల్చాల్సిన విషయం కాదు. మీరు తేల్చకపోతే ఆయనే తేలుస్తాడు, తప్పదు. 2010 జనవరిలో హైతీ భూకంపం తర్వాత అక్కడి విమానాశ్రయాన్ని అమెరికా సైన్యం నడిపింది. డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్ గాలి నింపి నిలబెట్టే ఆసుపత్రిని తెచ్చిన విమానాన్ని దిగనివ్వక పక్కదేశం డొమినికన్ రిపబ్లిక్‌కి మళ్లించారు. అక్కణ్నుంచి రోడ్డు మీద తెచ్చుకోవాల్సి వచ్చింది. దాని మీద పెద్ద గొడవే అయింది. ఆ తర్వాత సైనిక వనరుల కోసం వచ్చే విన్నపాలన్నీ ఒకచోటే తేల్చడానికి ఐరాస వాళ్లు అక్కడ ఒక కేంద్రం పెట్టారు.

వరుస పెట్టడమంటే మీ వాళ్లకి "కాదు" అని చెప్పడం. దీనికి పేరు రాదు, తిట్లు వస్తాయి. మీ సంస్థ సరుకే ముందు పెట్టుకున్నారని ఒక్కసారి అనుమానం వచ్చిందా, ఆ పెట్టెలోకి ఇక ఎవరూ కాగితం వేయరు.

మరి సైన్యం మీకెందుకు విలువ ఇస్తుంది? వాళ్ల దగ్గర లేనిది మీ దగ్గర ఉంది కాబట్టి. ఏ ఊళ్లో ఏం అందింది, ఏం అందలేదు, ఏ ఆసుపత్రి పనిచేస్తోంది అన్న లెక్క మీది. వాళ్లు శక్తితో వస్తారు, అవసరం ఏమిటో తెలిసి రారు. నేపాల్‌కి బ్రిటన్ మూడు చినూక్ హెలికాప్టర్లు పంపింది. అంత పెద్ద రెక్కల గాలికి పగుళ్లిచ్చిన ఇళ్లు కూలిపోతాయేమోనని నేపాల్ రానివ్వలేదు. ఢిల్లీ దాకా వచ్చి వెనక్కి వెళ్లిపోయాయి.

విన్నపం ఎలా రాయాలి? ఇది కాస్త దగ్గరగా చూద్దాం, ఎందుకంటే సగం విన్నపాలు ఇక్కడే చచ్చిపోతాయి.

మామూలుగా వచ్చేది ఇలా ఉంటుంది: "పైన మూడు ఊళ్లలో పరిస్థితి చాలా దారుణంగా ఉంది. దయచేసి వెంటనే హెలికాప్టర్ పంపగలరు." చదివిన మేజర్‌కి జాలి వేస్తుంది, పని మాత్రం జరగదు. ఏం మోయాలో, ఎంత బరువో, ఎక్కడ దిగాలో అందులో లేదు.

జరిగేది ఇలా ఉంటుంది: "ఫలానా ఊరు, బడి మైదానం, అక్షాంశ రేఖాంశాలు ఇవి. టార్పాలిన్ బేళ్లు 60, ఒక్కోటి 30 కిలోలు, మొత్తం 1,800 కిలోలు. ఎల్లుండి మధ్యాహ్నంలోపు చేరాలి, ఆ రాత్రి వాన అంచనా ఉంది. ఫలానా చోట కొండచరియ పడి రోడ్డు తెగింది, ట్రాక్టర్ కూడా వెళ్లట్లేదు, కంచరగాడిదల మీద రెండు రోజులు. దింపుకోవడానికి 12 మంది సిద్ధం, బాధ్యుడి ఫోన్ నంబర్ ఇది. మైదానానికి తూర్పున కరెంటు తీగ ఉంది. ఈలోగా రోడ్డు తెరుచుకుంటే ఈ విన్నపం రద్దు."

చూశారా, "హెలికాప్టర్ పంపండి" అని అందులో ఎక్కడా లేదు. ఏం చేరాలో, ఎక్కడికి, ఎప్పటికో చెప్పండి. ఎలా అన్నది వాళ్లు చూసుకుంటారు. ఒక్కోసారి వాళ్ల దగ్గర మీరు ఊహించని దారి ఉంటుంది. చివరి వాక్యం మాత్రం మర్చిపోకండి, రద్దు షరతు రాసిన సంస్థ మీద సైనికాధికారికి గురి కుదురుతుంది.

బరువు విషయంలో ఒక హెచ్చరిక. ఎంఐ-17 హెలికాప్టర్ నాలుగు టన్నులు మోస్తుందని పుస్తకంలో ఉంటుంది. ఎత్తు మీద, ఎండ వేళ, పల్చటి గాలిలో అది అంత మోయదు, సగం మోసినా సంతోషించాలి. లోడు బేళ్లుగా విడదీసి, ఒక్కోదాని మీద బరువు రాసి ఉంచితే పైలట్ తనకి కావలసినంత ఎత్తుకుపోతాడు. ఒకే పెద్ద మూటగా కట్టారో, మొత్తం నేల మీదే ఉండిపోతుంది. ఇంకోటి, రేకులు విడిగా ఎప్పుడూ మైదానంలో పెట్టకండి. రెక్కల గాలికి లేచిన రేకు కత్తితో సమానం.

టైము, చోటు కూడా పేచీలు పెడతాయి. సైన్యాలు చాలావరకు గ్రీనిచ్ టైము మీద రాసుకుంటాయి, "జులూ" అంటే అదే. మీరు లోకల్ టైము రాస్తారు. నేపాల్ గడియారం మనకంటే పావుగంట ముందు. మన వైపు నుంచి బయలుదేరే హెలికాప్టర్‌కి ఎవరి తొమ్మిదింటికో చెప్పకపోతే మైదానంలో మనుషులు లేకుండానే అది వచ్చి వెళ్తుంది. అక్షాంశ రేఖాంశాలు మీరు డిగ్రీల్లో దశాంశాలతో రాస్తారు, వాళ్లు గ్రిడ్ నంబర్లలో, అంటే సైనిక పటం మీది గళ్ల నంబర్లలో, చదువుతారు. రెండూ పక్కపక్కన రాసేయండి, వాదన ఉండదు.

ఏం చెప్పాలి, ఏం చెప్పకూడదు. మీ కాన్వాయ్ ఏ దారిలో ఎప్పుడు వెళ్తుందో చెప్పండి. ఏ వంతెన కూలిందో, ఏ ఊళ్లో ఎన్ని కుటుంబాలకి ఏం కావాలో చెప్పండి. లబ్ధిదారుల పేర్ల జాబితా ఇవ్వకండి. దారిలో చెక్‌పోస్టు దగ్గర ఎంతమంది తుపాకులతో ఉన్నారో, ఏ ముఠావాళ్లో అసలు చెప్పకండి, ఎంత మర్యాదగా అడిగినా సరే. అడగడం ఆయన ఉద్యోగం, చెప్పకపోవడం మీ ఉద్యోగం. ఒకసారి చెప్తే మీరు వేగు కిందే లెక్క. ఆ సంగతి అవతలివాళ్లకి ఎంతోకాలం దాగదు.

మీ ఆసుపత్రులు, గోదాములు, కాన్వాయ్‌ల వివరాలు యుద్ధ పక్షాలకి ముందే తెలియజేయడం ఒక పద్ధతి. తప్పకుండా చేయండి. కానీ తెలియజేశాం కదా అని నిశ్చింతగా నిద్రపోకండి. అఫ్ఘానిస్తాన్‌లోని కుందుజ్‌లో డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్ ఆసుపత్రి ఎక్కడుందో అమెరికా సైన్యానికి ముందే తెలుసు, దాడికి కొద్ది రోజుల ముందు కూడా ఆ వివరాలు మళ్లీ పంపారు. అయినా 2015 అక్టోబర్ 3న అమెరికా విమానం దాన్నే కాల్చింది, 42 మంది చనిపోయారు. ఆ విమానం తొందరగా బయలుదేరడంతో దాడి చేయకూడని స్థలాల జాబితా అందులోకి ఎక్కలేదని తర్వాతి విచారణలో తేలింది. 2024 ఏప్రిల్ 1న గాజాలో ఆహారం పంచే సంస్థ వరల్డ్ సెంట్రల్ కిచెన్ బండ్ల దారి కూడా ఇజ్రాయెల్ సైన్యానికి ముందే చెప్పి ఉంది. అయినా ఆ సైన్యం దాడిలోనే ఏడుగురు పోయారు.

కాబట్టి మీరు పంపిన వివరాలు "అందాయి" అని జవాబు వస్తే అక్కడితో ఆగకండి. ఎవరికి అందాయి? కాల్చే యూనిట్ దాకా వెళ్లాయా? రాత్రి రెండింటికి తప్పు జరుగుతుంటే ఆపమని చెప్పడానికి ఏ నంబర్, ఆ ఫోన్ ఎత్తేవాడికి ఆపే అధికారం ఉందా? ఈ మూడూ రాతలో తీసుకోండి. ఆ నంబర్‌కి ఏ గొడవా లేని రోజున ఒకసారి ఫోన్ చేసి చూడండి కూడా.

సాయుధ ఎస్కార్ట్ గురించి ఎవరో ఒకరు అడుగుతారు. జవాబు దాదాపు ఎప్పుడూ వద్దనే. తుపాకీ వెంట వచ్చిన బియ్యం తుపాకీవాళ్ల బియ్యం అయిపోతుంది. ఒకసారి తీసుకున్నాక, అది లేకుండా ఆ రోడ్డు మీద ఇంకెవరూ తిరగలేరు. మనుషుల ప్రాణాలు దాని మీదే ఆధారపడి, వేరే దారి లేదని తేలితే, అప్పుడు కూడా ఆ నిర్ణయం మీ ఒక్కరిది కాకూడదు.

చిన్న విషయాలు కొన్ని. అక్కడి ప్రభుత్వమే యజమాని. మన దగ్గర ఆర్మీ కావాలంటే ట్రస్టువాళ్లు కంటోన్మెంట్ గేటు తట్టరు, కలెక్టర్ ద్వారానే వెళ్తారు. అక్కడ కలెక్టర్ స్థానంలో ఎవరున్నారో దిగిన రోజే తెలుసుకోండి. ఎన్డీఆర్ఎఫ్‌ని సైన్యం అనుకునే అలవాటు ఉంటే వదిలేయండి, అది హోంశాఖ కింది బలగం. ఆ దేశంలోనూ యూనిఫాంలు నాలుగైదు రకాలు ఉంటాయి, ఏది ఎవరి కిందిదో పటం వేసుకోండి. మేజర్ చేయగల పనికి జనరల్ దగ్గరికి వెళ్లకండి, మేజర్ జీవితాంతం గుర్తుపెట్టుకుంటాడు. ఆఫీసర్లు కొన్ని నెలలకే మారిపోతారు కాబట్టి మాట్లాడుకున్నవన్నీ ఒక పేజీలో రాసిపెట్టి కొత్తగా వచ్చినాయనకి మొదటి రోజే ఇవ్వండి. వాట్సాప్ గ్రూపులో ఒప్పందాలు చేసుకోకండి.

సైన్యం ఎప్పుడు వెళ్లిపోతుందో అడగడానికి మొహమాటపడకండి. విదేశీ సైన్యాలు విపత్తుల్లో వారాల లెక్కనే ఉంటాయి. నేపాల్‌లో అవి వెనుదిరిగేసరికి వానాకాలం తలుపు దగ్గర ఉంది. హెలికాప్టర్ చేరిన ఊళ్లకి ఆ తర్వాత కూలీల వీపుల మీద, కంచరగాడిదల మీద సరుకు పంపారు. కాలిబాటలు బాగుచేయించడానికి ఊళ్లోవాళ్లకే కూలి ఇచ్చారు. హెలికాప్టర్ మొదటి లోడు ఎత్తిన రోజే ఆ కూలీలనీ చూసిపెట్టుకోవాలి.

వెళ్లేముందు ఓచా నడిపే పౌర-సైనిక సమన్వయ కోర్సుకి దరఖాస్తు పెట్టండి. దొరకకపోతే కనీసం ఓస్లో మార్గదర్శకాలు చదివి వెళ్లండి. కొన్ని దేశాలకి అక్కడి పరిస్థితిని బట్టి విడిగా మార్గదర్శకాలు ఉంటాయి, వాటి ముందు ఇవన్నీ రెండో వరస. మీరు వెళ్లేది ఏ దేశమో, అక్కడ శాంతి సేన ఉందో లేదో కింద రాయండి. దాన్నిబట్టి ఎస్కార్ట్ సంగతీ చెక్‌పోస్టుల సంగతీ ఇంకాస్త వివరంగా చెప్తాను.